కోసేసిన పాట

కోంటా బజారు వీధిలో సూర్యకాంతం ఫోటో స్టూడియో నడుపుతుంది. భర్త శ్రీరంగానికి చూపు మందగించినప్పటి నుంచి కెమెరా ఆమె చేతికొచ్చింది. ఫోటోలు తీయడం తొందరగానే పట్టుబడింది కానీ, పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడమంటేనే ఆమెకు గుబులు. శ్రీరంగం వాటిని జగదల్‌పూర్ పంపి చేయించేవాడు. అవి ఎప్పుడొస్తాయో తెలిసేది కాదు. ఇక లాభం లేదని ఆమే కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఇంటర్నెట్‌లో వెతికి ఒక సాఫ్ట్‌వేర్ దించుకుంది. డబ్బు కట్టి వాడాల్సినదే అయినా, మొదట్లో కొన్నాళ్లు ఉచితమన్నారు. దగ్గరి పల్లెలో జరిగిన సుక్రాం కూతురి పెళ్లి వీడియోను అందులోనే పేర్చింది. ఆ పెళ్లిలో సుక్రాం తల్లి జోగే తమ దోర్లీ భాషలో పాట పాడింది. మధ్యలో దగ్గింది, నీళ్లు తాగింది, మళ్లీ ఎత్తుకుంది. చూసేవాళ్లకు విసుగని సూర్యకాంతం ఆ పాటంతా కోసి పారేసింది.

వారపు సంతకొచ్చిన సుక్రాం స్టూడియో గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, వీడియో అయ్యిందా? మా అమ్మ పాట మొత్తం ఉండాలె. జ్వరమొచ్చి తగ్గిన కాడికెళ్లి గొంతు లేస్తలేదు. మళ్ల పాడలేనంటున్నది."

"ఉంటది తమ్మీ," అనేసింది.

అతను వెళ్లగానే గబగబా కంప్యూటర్ తెరిచింది. ఉచితమన్న గడువు అయిపోయింది. పేర్చినంత వరకు వీడియోగా తీద్దామంటే, పెళ్లికూతురి మొహం మీద అడ్డంగా కంపెనీ పేరు అచ్చయింది. పాట కోసం కెమెరా కార్డు వెతికింది. దాన్ని ఇంకో పెళ్లి కోసం ఎప్పుడో తుడిచేసింది. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. శ్రీరంగం అడగ్గా అడగ్గా చెప్పింది.

"నాకేం తెలుస్తది? సాయిశ్రీకి ఫోన్ చెయ్యి," అన్నాడాయన.

సాయిశ్రీ ఆమె అక్క కూతురు. బచేలిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. అంతా విని అడిగింది:

"చిన్నమ్మా, కార్డు తుడిచే ముందు ఫైళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నవా?"

"ఎక్కించుకుంటేనే గదా బిడ్డా ఎడిటింగ్ చేసేది!"

"మరింకేంది? ఏం పోలేదు. నువ్వు కోసింది అసలు వీడియోను కాదు. ఎక్కడ మొదలుపెట్టాలె, ఎక్కడ ఆపాలె అని సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుంటది, అంతే. అసలు ఫైలు జోలికి పోదు. ఫోల్డర్ తెరిచి చూడు."

తెరిచింది. ఒక్కో ఫైలూ నొక్కుతూ పోతే ఒకచోట జోగే కనిపించింది, కళ్లు మూసుకుని, పాట ఎత్తుకుంటూ. సూర్యకాంతం ఫోన్ పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. శ్రీరంగం కుర్చీ దగ్గరకు జరిపి వింటూ, "ఇదేనా నీకు విసుగనిపించింది?" అన్నాడు.

"అప్పుడు సరిగ్గా వినలే," అందామె.

సాయిశ్రీ ఇంకా లైన్లోనే ఉంది. "షాట్‌కట్ అని ఒకటి ఉంటది, దించుకో. పూర్తిగా ఫ్రీ. గడువుండదు, వీడియో మీద ముద్ర పడదు. కాకపోతే పాత పని అందులో తెరుచుకోదు. మొదటి నుంచి పేర్చుకోవాలె."

"మరి డబ్బులు పెట్టి కొనేది ఎవరే?"

"దినాం పెద్ద పనులు చేసేటోళ్లకు వాటిల్ల సౌకర్యాలెక్కువ. నీ పనికి ఇది చాలు. డబ్బుదే కావాలనుకుంటే, గడువు అయినంక ఏమైతదో ముందే చదువుకో."

మళ్లీ పేర్చడం తేలికేం కాలేదు. పాత కంప్యూటర్ మాటిమాటికీ ఆగింది, కొత్త బటన్లు తికమకపెట్టాయి. అయినా ఈసారి ఏది ఉంచాలో ఆమెకు తెలుసు. తయారైన వీడియోను చివరిదాకా చూసింది. ఎక్కడా ముద్ర లేదు.

పెన్‌డ్రైవ్ తీసుకుని తానే పల్లెకు వెళ్లింది. సుక్రాం దాన్ని టీవీకి పెట్టాడు. జోగే తన పాట మొదలవగానే మనవరాలి చెయ్యి పట్టుకుంది. సగంలో ఏదో అని పకపకా నవ్వింది.

"ఒక మాట తప్పు పాడిందంట," అన్నాడు సుక్రాం. "నేర్చుకునేటోళ్లు సరిగ్గ నేర్చుకోవాలె అంటున్నది."

వాళ్లు పెట్టిన జావ సూర్యకాంతం రెండోసారి అడిగి తాగింది. తిరుగు దారిలో ఆటో గుంతల్లో ఎగిరిపడుతున్నా హాయిగా నిద్రపోయింది. కోంటా వచ్చాక ఆటో అతనే లేపాడు.