ఆడపిట్టల తుప్పలు

పరిశోధన కేంద్రంలో అందరూ ఆమెను పిట్టలక్క అనేవారు. తెల్లారకముందే చెట్ల మధ్య సన్నటి వలలు కట్టి, చిక్కిన పిట్టను రెక్క నలగకుండా విడిపించి, మళ్లీ చిక్కితే గుర్తుపట్టేందుకు కాలికి ఉంగరం తొడిగి వదిలేయడం ఆమె పని. మొగుడు పోయాక పొట్టకూటికి పట్టుకున్న పని, రానురాను ప్రాణమైపోయింది.

ఆమె దగ్గరే ఉండే తమ్ముడు బుల్డోజర్ డ్రైవరు. "మా అక్క పిట్టలన్నిటికీ ఉంగరాలు తొడిగింది గానీ నా వేలికి మాత్రం ఇంతవరకూ దిక్కులేదు" అని నవ్వించేవాడు.

వలలో పడే ఆ పాటపిట్టలు చలికాలపు చుట్టాలు. ఎండాకాలం ఎక్కడో ఉత్తరాది అడవుల్లో జంటకట్టి, పిల్లల్ని పెంచి, చలి మొదలవగానే ఇటు దిగేవి. అక్కడ ఒకే గూటిని కాసుకున్నవి ఇక్కడికొచ్చాక ఎవరికి వారే. పురుగు దండిగా దొరికే వాగుపక్క తోపు మగపిట్టలది. ఆడవి అటు వస్తే పొడిచి తరిమేవి. వాటికి మిగిలేది గుట్టకింద ఎండు తుప్పలే. అర్ధాకలితో చలికాలం ఈడ్చి, చిక్కిపోయి, ఆలస్యంగా తిరిగెళ్లేవి. ఆలస్యమైనవాటికి అక్కడ పిల్లలూ తక్కువే. ఇదంతా ఆమెకు ఓపిగ్గా విడమరిచి చెప్పింది కేంద్రం నడిపే మేడమే.

ఒక ఏడాది గోదాముల కంపెనీ తోపూ తుప్పలూ ఉన్న ఆ నేల మీద కన్నేసింది. పెద్దల సమావేశం నుంచి మేడమ్ బయటికొచ్చి, "తోపు దక్కింది. తుప్పలు వదులుకోవాల్సొచ్చింది" అంది.

"ఆడవి ఎక్కడికి పోతాయి మేడమ్? మీరే కదా నాకు చెప్పింది!"

"రెండూ కావాలని పట్టుబడితే రెండూ పోయేవి."

"మగవాటిని దాచుకుని ఏం చేసుకుంటాం? ఉత్తరాన గుడ్లు పెట్టేదెవరు?"

మేడమ్ సంచిలో కారు తాళాలు వెతుక్కుంది.

తుప్పలు పెళ్లగించడానికి వచ్చిన బండి మీద తమ్ముడే ఉన్నాడు. ఆమె ఎదురెళ్లి నిలబడింది.

"పక్కకు జరగక్కా. నేను దిగితే ఇంకొకడెక్కుతాడు."

"ఎక్కనీ. నా తోడబుట్టినవాడు కాకపోతే చాలు."

వాడు ఆమె మొహం చూడకుండా బండి కదిలించాడు. ఆమే తప్పుకుంది. తప్పుకున్నందుకు వాడి కంటే తన మీదే ఎక్కువ అసహ్యమేసింది.

మళ్లీ చలికాలానికి పిట్టలొచ్చాయి. ఆడవి సిమెంటు నేల మీద చక్కర్లు కొట్టి, తోపులో దూరబోయి దెబ్బలు తిన్నాయి. వలలో పడిన ఒకదాని రొమ్ము ఎముక ఆమె వేలికి కత్తి అంచులా తగిలింది. వదిలితే ఎగరలేదు. అరచేతిలోనే తల వాల్చేసింది.

ఆ మరుసటి ఏడాది వలల్లో దాదాపు అన్నీ మగవే. ఉత్తరాన పిట్టల్ని కాపాడటానికి అడవికి కొత్త కంచె వేశారట, అయినా పాట వినబడటం తగ్గిందట. ఎందుకు తగ్గిందో చర్చించడానికి మేడమ్‌ను విమానంలో పిలిపించుకున్నారు.

పిట్టలక్క పని మానేసింది. మేడమ్ ఇంటికొచ్చి బతిమాలింది. "తోపు నిండా పిట్టలున్నాయి కదా, రా."

"ఉన్నాయి మేడమ్. ముసలివవుతున్నాయి."

కొన్నాళ్లకు ఆమె ఆ తుప్పల చోట లేచిన గోదాములోనే పెట్టెలకు టేపు అంటించే పనిలో చేరింది. చుట్టుపక్కల ఇంకో పని లేదు. పొద్దున్నే తమ్ముడే మోటారుసైకిలు మీద దింపుతాడు. ఉంగరాల మాట మాత్రం ఇప్పుడు ఎత్తడు.