కొప్పు దూలానికి ఎర్రగుడ్డ

యుద్ధం ముగిసేసరికి హాంకాంగ్ కొండమీది విశ్వవిద్యాలయానికి గోడలే మిగిలాయి. జపానువాళ్ల రోజుల్లో తలుపులు, నేలపలకలు, వాసాలు అన్నీ ఊరి పొయ్యిల్లోకి పోయాయి. అబద్ధమెందుకు, అక్కడి కిటికీ చట్రం ఒకటి మా ఇంట్లోనూ గంజి కాచింది. నేను అక్కడే గొట్టాలు బిగించేవాణ్ణి.

వడ్రంగి యిప్ ఫూన్ మేస్త్రీ మాత్రం పుల్ల ముట్టలేదు. ప్రయోగశాలకు తాను చేసిన పద్నాలుగు టేకు బల్లల్ని ఊడదీసి, కొండకింద బాంబుదాడులప్పుడు తలదాచుకోడానికి తవ్విన సొరంగంలో దాచాడు. ఒక్క మేకు లేని పనితనం కాబట్టి ఊడాయి. యుద్ధమయ్యాక సైన్యం సొరంగం మూసేస్తానంటే, వాటిని మోసుకొచ్చి పాతచోటే బిగించాడు. పైన ఆకాశమే కప్పు. వానాకాలానికి నెల కూడా లేదు. తడిస్తే అతుకులు ఉబ్బి చీలిపోతాయి.

విశ్వవిద్యాలయం మళ్లీ తెరవాలా, తెరిస్తే ఎవరికోసం అని ఒక కమిటీ అయిదు నెలలుగా మాట్లాడుతోంది. మేస్త్రీ కప్పుకోసం మూడుసార్లు కలప అడిగించాడు. ముందు భవిష్యత్తు తేలాలన్నారు. చివరికొకరోజు పొడవైన దుంగలు దిగాయి. మేస్త్రీ ముఖం వెలిగింది. గుమస్తా ఫంగ్ తలవంచుకున్నాడు.

"కప్పుకి కాదు మేస్త్రీ, బల్లకి. లండన్ నుంచి పెద్దలొస్తున్నారు. ఇరవైమంది కూర్చోవాలట."

"కూర్చుని?"

"భవిష్యత్తు ఆలోచిస్తారట."

"నిలబడి ఆలోచించమను. కాళ్లు నొప్పెడితే తొందరగా తేలుతుంది."

ఆ మధ్యాహ్నమే రంపం పట్టాడు. తొమ్మిది రోజుల్లో దూలం, వాసాలు, పెంకులు పైకెక్కాయి. నేనూ మోశాను. వడ్రంగుల గురువు లో పాన్‌కు అగరువత్తులు వెలిగించి, కప్పు నడినెత్తిన ఉండే కొప్పు దూలానికి ఎర్రగుడ్డ కట్టాడు. ఆ గుడ్డ కట్టిన దూలాన్ని దించితే దించినవాడి వంశం నిలవదని మావాళ్ల నమ్మకం.

కమిటీ కార్యదర్శి దొర వచ్చి కప్పు విప్పమన్నాడు. మేస్త్రీ కదల్లేదు. దొర ఊళ్లోంచి పన్నెండుమంది వడ్రంగుల్ని పిలిపించాడు. వాళ్లు తలెత్తి చూసి, సామాను సర్దుకున్నారు.

"మీరే ఎక్కండి దొరా, నిచ్చెన మేం పట్టుకుంటాం" అన్నాడు వాళ్లలో పెద్ద.

మూడోనాడు వాన మొదలై ఆరు రోజులు కురిసింది. బల్లలమీద చుక్క పడలేదు. ఏడోరోజున, మాట విననందుకు మేస్త్రీని పనిలోంచి తీసేశారు.

శరత్కాలంలో తరగతులు మొదలయ్యాయి. కమిటీ ముందుచూపువల్లే ప్రయోగశాల దక్కిందని నివేదికలో రాశారు. ఫంగ్ మేస్త్రీ ఇంటికొచ్చి మా ఇద్దరికీ చదివి వినిపించాడు. మేస్త్రీ పేరు ఎక్కడా లేదు. లండన్ పెద్దలు చివరికి కూర్చున్నది కూడా ఆ టేకు బల్లల చుట్టూనే, పొడి బట్టలతో.

మేస్త్రీ తన పేరు సంగతి అడగలేదు.

"టీ కప్పుల కింద గుడ్డ వేశారా?"

"లేదు. మరకలు పడ్డాయి" అన్నాడు ఫంగ్.

మేస్త్రీ పక్కకి తిరిగి ఉమ్మాడు. ఆకురాయి తీసి రంపం పళ్లకు పదును పెట్టసాగాడు.