చార్మినార్ మీది పావురం

ఎనభైల మొదట్లో, మహారాష్ట్ర అంచున మా ఊరు సిరొంచలో ఉండగా నాకు సంబంధం వచ్చింది. అబ్బాయికి హైదరాబాద్‌లో నౌకరీ అన్నారు. పంపిన ఫొటోలో చార్మినార్ ముందు నిలబడి ఉన్నాడు. మీనారు మీద నల్లగా చిన్నదేదో కనిపిస్తే పావురమనుకుని ముచ్చటపడ్డాను. నగరం పుట్టిన గుర్తుగా కట్టిన ఆ చార్మినార్ గురించి బడిలో చదివినప్పటి నుంచీ చూడాలని ఆశ. వెంటనే ఒప్పుకున్నాను.

పెళ్లయ్యాక అత్తగారింటికి బయల్దేరే ముందు, జంట ఫొటో కోసం నాన్నే మమ్మల్ని స్టూడియోకి తీసుకెళ్లాడు. ఊళ్లో ఉన్నది ఆ ఒక్క స్టూడియోనే. మమ్మల్ని కూర్చోబెట్టి ఫొటోగ్రాఫర్ మా వెనక తెర దించాడు. తిరిగి చూస్తే రంగులతో గీసిన చార్మినార్! మీనారు మీద చిరుగుకు వేసిన నల్లగుడ్డ అతుకు.

"మీరు హైదరాబాద్ ఎన్నడన్న చూసిండ్రా?" అని మా ఆయన్ని అడిగాను.

"లేదు. నా నౌకరి కమలాపూర్ అడవిల, సర్కారు ఏనుగుల కాడ. మీ నాయినకు ఎరుకే," అన్నాడు తల దించుకుని.

గుమ్మంలో ఉన్న నాన్న వైపు చూశాను.

"అడవిల నౌకరంటె నువ్వు ఒప్పుకుంటుంటివా బిడ్డా?" అన్నాడు నాన్న.

మా ఆయన అబద్ధాన్ని ఏళ్లు గడిచేకొద్దీ మన్నించాను. అప్పటికి ఆయన నాకు పరాయివాడే కదా. నాన్న పరాయివాడు కాదు.

ఆ ఫొటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది. ఆయన కెమెరా వైపు చూస్తున్నాడు. నేను గుమ్మం వైపు చూస్తున్నాను.