షిఫ్ట్ మీద రెండో చెయ్యి

కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాదు. ఎడమ చేతి వేళ్లు మాట వినడం మానేశాక అసలే రాదు. కామారెడ్డిలో పెండ్లి పత్రికలు కొట్టే డీటీపీ షాపులో నా కుర్చీ ఉంటుందో ఊడుతుందో తేలకుండా ఉంటే ఎవరు మాత్రం కుదురుగా ఉంటారు?

నాగిరెడ్డిపేట దాటాక, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద మా బండి జారింది. నడుపుతున్నది మా ఆయన. ఆయనకు గీత కూడా పడలేదు. నాకు మోచేయి విరిగింది. కట్టు విప్పాక కూడా వేళ్లకు పట్టు రాలేదు. అప్పటినుంచి ఆయన బండి ముట్టలేదు. పొద్దున్నే ఎల్లారెడ్డిలో నాతో పాటే బస్సెక్కి షాపుకు వచ్చేవాడు. నా పక్కన స్టూలేసుకుని, నేను "షిఫ్టు" అనగానే ఆ మీట నొక్కేవాడు. ట్రాక్టరు నడిపే మనిషి రోజంతా ఒక్క మీట మీద వేలు పెట్టుకుని కూర్చునేవాడు. "నీ ఎడమ చెయ్యి నేనే అనుకో" అనేవాడు. ఒకసారి వింటే బాగానే ఉంటుంది. రోజూ వింటే ఒళ్లు మండుతుంది.

మా షాపులోది పాత కంప్యూటర్. మేము వాడే తెలుగు సాఫ్ట్‌వేర్ కొత్తవాటిలో నడవదు. ఆ కీబోర్డులో సగం అక్షరాలు షిఫ్ట్ పట్టుకుని కొడితే తప్ప రావు. అదే షిఫ్ట్‌ను గబగబా అయిదుసార్లు నొక్కితే తెర మీదికి ఒక డబ్బా వస్తుంది. ఇన్నేళ్లూ దాన్ని తిట్టుకుంటూ, చదవకుండానే మూసేసేదాన్ని. ఒంటి చేత్తో తంటాలు పడుతుండగా మళ్లీ వస్తే, ఈసారి చదివాను. స్టిక్కీ కీస్ అట. షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు, తర్వాతి అక్షరం కొట్టేదాకా అదే పట్టుకుని ఉంటుంది. నాలాంటి వాళ్ల కోసమే పెట్టారన్నమాట. సంతోషంతో ఏడుపొచ్చింది.

కానీ అది నిలిస్తే కదా! రెండు పేర్లు కొట్టేసరికి కింద మూలనున్న దాని గుర్తు మాయమయ్యేది. మళ్లీ అయిదుసార్లు నొక్కడం, మళ్లీ మాయం. షాపు యజమాని నా వెనకాల కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు.

"చెల్లె, లగ్గాల సీజన్ మొదలైంది. నీతోని అయితదా, కాదా? కాకపోతే జిరాక్స్ మిషన్ కాడ నిలబడు. ఈ కుర్సీల వేరేటోళ్లను పెడ్త" అన్నాడొక రోజు.

"అయితదన్నా. ఈ మిషనే పాడువడ్డది" అన్నాను.

అదే మధ్యాహ్నం మా ఆయన చాయ్ తాగడానికి బయటికి వెళ్లాడు. గుర్తు కదలకుండా అక్కడే ఉంది. పత్రిక సగం కొట్టినా ఉంది. అనుమానమొచ్చి కంట్రోల్ ప్యానెల్ తెరిచాను. అక్కడ ఒక గడిలో టిక్కు ఉంది. రెండు మీటలు ఒకేసారి నొక్కితే ఈ సదుపాయం ఆగిపోతుందని దాని పక్కన రాసి ఉంది. అంటే, రెండు చేతుల మనిషి వచ్చాడనుకుని అది తప్పుకుంటోంది. షిఫ్ట్ నేనే నొక్కుకుంటానని ఎంత చెప్పినా, నేను తడబడితే చాలు, మా ఆయన వేలు దాని మీద వాలేది. మిషన్‌కు ఏ రోగమూ లేదు.

ఆ టిక్కు తీసేస్తే సరిపోయేది. తీయబోయి ఆగాను. తీసేస్తే ఆయన రేపు కూడా వచ్చి నా పక్కనే కూర్చుంటాడు.

అంతలో రాజంపేట పెండ్లివాళ్లు వచ్చారు. పిల్లవాడి తండ్రి నా నెత్తి మీద నిలబడి, "మా చిన్న బామ్మర్ది పేరు మర్సిపోకు బిడ్డా, అలిగిండంటే లగ్గానికే రాడు" అంటున్నాడు. యజమాని కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాయ్ తాగి వచ్చిన మా ఆయన స్టూలు మీద కూర్చోగానే, నేను అక్షరం కొడుతుంటే షిఫ్ట్ నొక్కాడు. గుర్తు పోయింది.

"చెయ్యి తియ్యి" అన్నాను.

"ఏమైందే?"

"నువ్వు పట్టుకుంటేనే ఇది ఆగిపోతున్నది. అవతలికి వోయి కూసో."

అందరి ముందరా అన్నాను. ఆయన లేచి వెళ్లి బయట మెట్ల మీద కూర్చున్నాడు. నేను షిఫ్ట్ మళ్లీ అయిదుసార్లు నొక్కి, ఒక్క చేత్తోనే మేనమామలనూ, బామ్మర్దులనూ, అలిగేవాళ్లనూ అలగనివాళ్లనూ అందరినీ పత్రికకెక్కించాను. యజమాని ప్రూఫు చదివి, "జిరాక్స్ కాడికి వేరేటోళ్లను చూస్త లే చెల్లె" అన్నాడు.

తిరుగు బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. గెలిచానన్న పొగరు, ఆయన్ని అంత మాటన్నానన్న బాధ రెండూ కలిసి నన్ను సీట్లో ఉండనివ్వలేదు. ఎల్లారెడ్డి దగ్గరపడుతుంటే ఇక ఉండబట్టలేక నేనే మొదలుపెట్టాను.

"రేపటి సంది నువ్వు రాకు. నాతోని అయితది. నీ ట్రాక్టర్ పని నువ్వు చూసుకో. దున్నెతందుకు పిలుస్తలేరా ఏంది?"

"పిలుస్తుండ్రు. రోజు పిలుస్తుండ్రు."

"మరి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు.

"స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నయే. నీ పక్కన కూసుంటే ట్రాక్టర్ మీదికి ఎందుకు వోతలేవని ఎవ్వలు అడుగుతలేరు. అందుకే వస్తున్న."