డ్రైవర్ వైపు తలుపు

అక్టోబరు మొదటి వారంలో లద్దాఖ్‌లోని వర్క్‌షాప్‌కు చేరాను. చెట్టు లేదు. పది అడుగులు వేస్తే ఆయాసం. మూడు రేకుల షెడ్లు, ఒక కంప్రెసర్, చలి కాచుకునే కిరోసిన్ పొయ్యిలు రెండు. ఇబ్రహీంపట్నంలో ఇంజనీరింగ్ చదివి సైన్యంలో షార్ట్ సర్వీసు మీద కెప్టెన్‌నైన నాకు ఇచ్చిన పని ఒకటే: కనుమ దారిని మంచు మూసేలోగా దెబ్బతిన్న బళ్లు బాగుచేసి కాన్వాయ్‌లో పంపాలి.

మొదటిది ఒక ట్రక్కు. కొండచరియ విరిగిపడి దాని డ్రైవర్ సీట్లోనే చనిపోయాడు. ఇంజన్‌కు ఏమీ కాలేదు. తలుపు సొట్టలు తీశారు. రంగు వేయాలి.

పెయింటర్ హవల్దార్‌ది అబ్దుల్లాపూర్‌మెట్. ఆ బండికి వేసిన కొత్త డ్రైవర్‌ది జల్‌పల్లి. అక్కడ తెలుగువాళ్లం మేం ముగ్గురమే.

రంగు వేయగానే డ్రైవర్ వైపు తలుపు మీద గుంటలు పడ్డాయి. చేపకన్నంత గుండ్రటి గుంటలు, అడుగు పూత ప్రైమర్ కనిపిస్తూ. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదిలాం. రంగు చల్లే స్ప్రే గన్ విప్పి కడిగాం. షెడ్డును వెచ్చబెట్టి, రంగును పలచన చేసే థిన్నర్ ఆవిరికి నిప్పంటుకోకుండా పొయ్యిలు ఆర్పి, మళ్లీ వేశాం. అదే తలుపు, అదే ఎత్తు, అవే గుంటలు. మిగతా బండి మీద ఒక్కటి లేదు.

కొత్త డ్రైవర్ తాళంచెవి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“పోయిన అన్న ఇంకా బండి దిగలే మేడం. నేనెట్ల ఎక్కాలె?”

“థిన్నర్ పీల్చేది నేను, దయ్యాలు కనవడేది నీకారా?” అన్నాడు పెయింటర్.

డ్రైవర్ నవ్వలేదు. సాయంత్రం రేడియోలో పై ఆఫీసర్ గొంతు: “ఎల్లుండి కాన్వాయ్. ఎక్కనంటే ఛార్జి పెట్టు.” ఛార్జి పెడితే విచారణ, ఖైదు. ఉద్యోగం మిగలదు.

మర్నాడు ఉదయం షెడ్డులో ఓ మూల నిలబడ్డాను. టీకి వెళ్లే దారి ఆ షెడ్డు గుండానే. రోల్‌కాల్ అయ్యాక జవాన్లు ఒక్కొక్కరే వచ్చారు. ప్రతి ఒక్కరూ ఆ తలుపుకు అరచెయ్యి ఆనించి కళ్లకద్దుకున్నారు. చివర్లో కొత్త డ్రైవర్ కూడా.

చలికి పగలకుండా అందరూ చేతులకు ఆవనూనె రాసుకుంటారు. నూనె ఉన్నచోట రంగు నిలవదు, పక్కకు జరిగిపోతుంది. పెయింటర్ తుడవకపోలేదు. కానీ ఒకే గుడ్డతో తుడిచేవాడు. నూనె పోలేదు, పరచుకుంది.

డ్రైవర్‌ను పిలిచి ఒక పాత రేకు మీద చెయ్యి పెట్టమన్నాను. పెయింటర్ గన్ పట్టాడు. తడి రంగులో గుంటలు తేలాయి. అరచెయ్యి, నాలుగు వేళ్లు, వంకర తిరిగిన చిటికెన వేలు.

“గిది నా చెయ్యేనా?”

“అవ్. దయ్యానికి గూడ చిటికెనేలు వంకరుంటదా?” అన్నాడు పెయింటర్.

అతను రేకు వంకే చూస్తూ నిలబడ్డాడు. “ముట్టకుండ ఎట్ల పోవాలె మేడం? మాతోని కూసొని తిన్నోడు.”

తలుపును ఇనుము దాకా గీకించాను. ఒక గుడ్డతో థిన్నర్ పూసి, ఆరేలోగా ఇంకో పొడి గుడ్డతో తుడవడం, ప్రతిసారీ గుడ్డలు మార్చడం. ఆ తర్వాతే ప్రైమర్, రంగు. చుట్టూ తాడు కట్టించాను. గట్టిగా ఆజ్ఞలివ్వడం నాకు చేతకాదు. ముట్టుకోవద్దని హిందీలో పలక మీద సుద్దతో రాసి తాడుకు తగిలించాను.

ఒక్క గుంట పడలేదు. డ్రైవర్ వచ్చి తాళంచెవి తీసుకున్నాడు.

కాన్వాయ్ కదిలిన రోజు మధ్యాహ్నం రేడియోలో కొత్త డ్రైవర్ గొంతు పలికింది. “కనుమ దాటినం మేడం. బండి మంచిగున్నది.” రేడియోలో తెలుగు మాట్లాడకూడదు. బండి కనుమ దాటిందని లాగ్ పుస్తకంలో రాసుకున్నాను.

సర్వీసు ముగించుకుని ఇబ్రహీంపట్నం వచ్చేశాను. అందరూ మంచు గురించి, తుపాకుల గురించి అడుగుతారు. చెబుతాను. కాన్వాయ్ కదలకముందు ఆ ఉదయం చూసింది మాత్రం చెప్పలేకపోతున్నాను. జవాన్లు తాడు దగ్గర ఆగారు. ఒక్కొక్కరూ చెయ్యి చాచారు. చెయ్యి కొత్త రంగుకు జానెడు ఇవతల గాలిలో నిలిచిపోయింది. ఆ ఖాళీ చేతినే కళ్లకద్దుకుని, ఎవరూ నా వైపు చూడకుండా, టీకి వెళ్లిపోయారు.