ఆకు కొస ఎటువైపు

నా పేరు మునెమ్మ. వయసు డెబ్బై దాటింది. తిరుపతిలో మా ఇంట్లో కింద నేనూ నా మనవరాలూ ఉంటాం. మేడమీద అద్దెకు కంప్యూటర్ సారూ, ఆయన భార్యా. ఆ సారు పోయిన నెల చనిపోయారు. ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెబుతూ కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదని కబురు వచ్చింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట మార్చినా పక్కింటి వాళ్ళతో చదివించి పట్టేస్తాను.

ఆ సారును నేను మొదట నమ్మలేదు. ఇంట్లో ఉన్నంతసేపూ కంప్యూటరు పెట్టె ముందు కూర్చుని, తనలో తాను నవ్వుకునే మనిషిని ఎవరు నమ్ముతారు? కొళాయి చూసే వంకతో మేడెక్కాను.

"ఏం సారూ, ఏం చేస్తాండావు దాంతో?"

"పిల్లోళ్ళు ప్రోగ్రాము రాసే సాఫ్ట్‌వేరవ్వా ఇది. ఎప్పుడు మొదలుపెట్టినా అవే ఫైళ్ళు, అవే సెట్టింగులు పెట్టుకోవాల. అర్ధగంట దానికే పోతాది. 'కొత్త ప్రాజెక్టు' అని నొక్కితే ఒక పట్టీ వస్తాది సూడు, దాంట్లో మన పిల్లోళ్ళకని సొంత రకం ఒకటి చేరుస్తాండా. దాన్ని నొక్కితే అన్నీ అమిరి వస్తాయి."

"అంటే ఆకేసి, ఉప్పూ ఊరగాయా ముందే వడ్డించి పెట్టినట్టా?"

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అదే అవ్వా! ఈ మాట నాకు ఇన్నాళ్ళూ దొరకలా."

మర్నాడే ఆ రకం పక్కన అరిటాకు బొమ్మ వేసి, కాగితం మీద అచ్చు తీసి తెచ్చారు. కొస కుడివైపుకు ఉంది.

"నీకు ఇంట్లో ఎవురూ ఆకేసి పెట్టలేదా సారూ? కొస తినేవాడికి ఎడమపక్క ఉండాల!"

సిగ్గుపడి, ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన సరైన ఆకు గీసి, తన చేత్తోనే ఏదో రాసుకున్నారు. చింపబోతే నేనే లాక్కున్నాను, పప్పు డబ్బాలో పరవడానికి. వేలు విడిచిన మేనమామలా అడిగింది చెప్పే మనిషి. "మొదలుపెట్టేలోపే అలిసిపోతే పనెప్పుడు చేస్తారవ్వా పిల్లోళ్ళు?" అనేవారు. మెట్ల కిందే చెప్పులు విడిచి, నా నిద్ర చెడకుండా మేడెక్కేవారు.

ఆయన పోయిన మూడో రోజే ఇన్‌స్టిట్యూట్ యజమాని వచ్చి కంప్యూటరు పట్టుకుపోయాడు. పలకరింపు కన్నా ముందు పెట్టె ఎక్కడుందని అడిగాడు. నాకప్పుడే కీడు తోచింది. డబ్బాలోంచి కాగితం తీసి నడుముకు దోపుకున్నాను.

ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన సంతాప సభలో, సారు దగ్గర చదివే పిల్లలందరి ముందూ, యజమాని అదే కంప్యూటరు బల్లమీద పెట్టి చెప్పాడు: "ఈ ప్రాజెక్టు రకం నా ఆలోచనే. నేనే చేసినా. సారు పిల్లోళ్ళకు నేర్పించినాడు. ఇంక నా పేరుతో అన్ని ఊళ్ళకూ ఇస్తాండా."

సారు భార్య తల దించుకుంది. నేను లేచాను.

"ఏమప్పా, నువ్వే చేసినావా? ఆ ఆకు మొదట ఎట్లేసినావు?"

"ఇప్పుడెట్లుండాదో అట్లేనవ్వా. మొదట్నించీ కొస ఎడమకే."

"తప్పేమీ పడలా?"

"నాకెందుకు తప్పు పడతాది?"

కాగితం తీసి పిల్లల చేతికిచ్చాను. కుడికొస ఆకు, దానిమీద ఎర్రగీత, పక్కన సారు చేతిరాత. వాళ్ళు చూడగానే గుర్తుపట్టారు.

"వండినోడికి ఏది మాడిందో తెలుస్తాది నాయనా. గిన్నె ఎత్తుకుపోయినోడికి అది తెలీదు."

వెనక ఎవరో పకపకా నవ్వారు. యజమాని మెడ తుడుచుకున్నాడు. "సరేలే అవ్వా, సారు పేరు కూడా పెడతా."

"కూడా ఏంది? ఆయన పేరే పెట్టు. ఈడనే, ఇప్పుడే."

ఆ కంప్యూటరులోనే సారు పేరు కొట్టాడు. నాతో వచ్చిన మనవరాలు ఒక్కో అక్షరం పైకి చదివింది. అయినా నాకు నమ్మకం లేదు. కొట్టినవాడు చెరపలేడా? అందుకే ఈ కాగితం రాయిస్తున్నాను. మీ ఊళ్ళో ఆ పట్టీలో అరిటాకు కనబడితే పక్కన ఎవరి పేరుందో చూడండి. నా నోటికి ఆయన ఎప్పుడూ సారే; పేరు కావాలంటే ఆయన దగ్గర చదివిన ఎవరినడిగినా చెబుతారు.

అందరూ వెళ్ళాక చూస్తే సారు భార్య ఇంకా అక్కడే ఉంది. మా పక్క ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. ఆమె ఆ గాజుతెర మీద వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా మెల్లగా జరిపింది. మళ్ళీ మొదటికొచ్చింది.

మునెమ్మ వేలిముద్ర
సాక్షులు: పక్కింటి గోవిందమ్మ, సారు శిష్యుడు చెంగల్రాయులు
రాసినది: మనవరాలు సుజాత