తాడుకు అటు చివర

తడిసిన కొబ్బరిపీచు తాడు వాసన తగిలితే నాకు ఇప్పటికీ మా నాన్న చేతులే గుర్తుకొస్తాయి. మొన్న సాయంత్రం బీచ్ రోడ్డు పక్క మైదానంలో పాటల కచేరీకి మనవరాలు పావనిని దింపడానికి వెళ్తే, గేటు దగ్గర వెదురు కర్రలకు కట్టిన తాళ్లలోంచి అదే వాసన వచ్చింది. మైదానం నిండా జనం. గేటుకు మాత్రం ఒకే ఒక్క పోలీసమ్మాయి, మెడలో విజిల్‌తో నిలబడి ఉంది.

"మిగతా పోలీసోలు ఏరమ్మా?" అని అడిగాను.

"మంత్రిగారొత్తన్నారని ఉన్నోలందర్నీ అటేపు ఏసేసినారు తాతా. నానొక్కదాన్నీ ఏటి సెయ్యను?" అంది.

పావని నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది. నేను బయట గట్టు మీద కూర్చున్నాను.

నా చిన్నప్పుడు పోర్టు పక్కనున్న పాత ఊళ్లో ఉత్సవాలకు ఆర్కెస్ట్రా పెట్టేవారు. చలికాలం మొదలయ్యేది, సముద్రపు గాలి ఉప్పగా ముఖానికి అంటుకునేది, కాల్చిన తేగల పొగా, ఖాదర్ సాయిబు కొట్లో నేతి హల్వా ఘుమఘుమా, పెట్రోమాక్సు లైట్ల కిరసనాయిలు వాసనా కలిసి ఆ వీధికే మత్తెక్కేది. మా అమ్మ వేయించిన వేరుశెనగలు కొంగున ముడేసి తెచ్చేది. అప్పుడూ పోలీసులు తక్కువే. కానీ హెడ్డు కానిస్టేబులు మధ్యాహ్నమే వచ్చి, సాయిబు కొట్లో టీ తాగి, పోర్టులో బరువులు లాగే కలాసీలను పిలిపించేవాడు. వాళ్లలో మా నాన్నొకడు. ఓడలకు వాడి పారేసిన పాత మోకును భుజాల మీద మోసుకొచ్చి, ఒక్కో పోలీసుకు అటూ ఇటూ కలాసీలు ఆ తాడు పట్టుకొని జనం చుట్టూ నిలబడేవారు. లోపల అందరూ నేల మీద కూర్చోవాల్సిందే, ఎంత షావుకారైనా సరే. పాటలైపోయినా క్లారినెట్టు మాత్రం ఆగేది కాదు. మొదట వెనక వరసలవాళ్లు లేచి వెళ్లి, తర్వాత మధ్యవాళ్లు వెళ్లి, చివరికి స్టేజీ ముందున్న మేము లేచి, హెడ్డుగారు కర్ర పైకెత్తేదాకా ఆ క్లారినెట్టాయన బుగ్గలు పూరించి ఊదుతూనే ఉండాలి.

ఒకసారి నేను ఆగలేక లేచాను.

"కూకోరా! ఎనకోలు ఎల్లనీ. హల్వా కొట్టు లెగిసి పారిపోద్దేటి?" అని నాన్న తాడు వదలకుండానే కసిరాడు. చుట్టుపక్కల అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక ఆయన అరచేయి నా చెంపకు ఆనించుకుంటే తాడు ఒరిసిన ఎర్రటి చార గరుకుగా తగిలింది, తడి పీచు వాసన వేసింది.

ఇప్పుడు వేలకు వేలు పోసి టిక్కెట్లు కొన్నవాళ్లను కాచే నాథుడు లేడు! నల్ల చొక్కాల బౌన్సర్లంతా పాడేవాడి చుట్టూ గోడలా నిలబడ్డారు, గేటు వైపు ఒక్కడూ రాలేదు. ఆఖరి పాట ఆగిందో లేదో, అంతమందీ ఒక్కసారే గేటు మీదికి వచ్చారు. పోలీసమ్మాయి విజిల్ ఊదుతోందని ఆమె బుగ్గలు చూస్తే తెలిసింది తప్ప వినబడలేదు.

"ఎనకోలు ముందెల్లండి! స్టేజీ కాడోలు కూకోండి!" అని గట్టు మీద నిలబడి అరిచాను.

"తాతకి మైకియ్యండ్రా బావా!" అన్నాడెవడో. పక్కవాళ్లు పగలబడి నవ్వారు. మరుక్షణం వాళ్లే ఒకరి మీద ఒకరు పడ్డారు. వెదురు ఫటేల్మని విరిగింది. పావనికి ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తదు. లోపలికి వెళ్లే దారి లేదు. ఏడుస్తూ బయటికొస్తున్న ఒక్కొక్క ముఖాన్నీ చూస్తూ, మా పిల్ల కాదు, మా పిల్ల కాదు అనుకుంటూ నిలబడిపోయాను.

జనం పలచబడ్డాక పావని వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు.

"పడిపోతానని తాడట్టుకున్నాను తాతా. కర్ర ఊడొచ్చేసింది. అటేపు అట్టుకున్నోలు ఎవలూ నేరు" అని అరచేయి చూపించింది.

ఎర్రటి చార. ఆ చేతిని చెంపకు ఆనించుకున్నాను. వాసన అదే. అటు చివర పట్టుకునే కలాసీలు లేరు, అందరూ ఇళ్లకు చేరేదాకా ఊదే క్లారినెట్టూ లేదు. గేటు దగ్గర ఆ పోలీసమ్మాయి ఒక్కతే వంగి, తెగిన చెప్పులు ఏరి ఒక పక్కకు పెడుతోంది.